నల్లమాడ నుంచి రాయదుర్గానికి, గేరుబాక్సు మీద కాలు పెట్టి

అనంతపురం జిల్లాకు వెళ్ళొచ్చానంటే మా తెనాలిలో ఇప్పటికీ ప్రతివాడూ ముందు ఒకటే అడుగుతాడు: "అక్కడ తాగటానికి నీళ్ళుంటాయా?" ఉంటాయి నాయనా, ఉంటాయి. మజ్జిగ కూడా ఉంటుంది, మనదానికంటే చిక్కగా. ఈ ప్రశ్నకు జవాబు చెప్పీ చెప్పీ నోరు నొప్పి పుట్టి, అసలు ఆ ప్రయాణం ఎలా సాగిందో రాసి పడేస్తే పీడా పోతుందని కూర్చున్నాను.

నేను పెళ్ళిళ్ళకు, సభలకు మైకుసెట్లు అద్దెకిస్తాను. వాటిని మోయటానికి వేలంలో కొన్న పాత జీపొకటి ఉంది. మా ఆవిడ పుట్టిల్లు ధర్మవరం. వాళ్ళక్క నాగరత్నమ్మను రాయదుర్గం ఇచ్చారు. ఎనభైల మొదట్లో, ఎండలు ఇంకా ముదరకముందు, ఆ వదిన దగ్గర్నుంచి కబురొచ్చింది. నల్లమాడలో ఆడవాళ్ళకు కుట్టుపని నేర్పే కేంద్రమొకటి మూతపడిందట. అక్కడి పన్నెండు కుట్టుమిషన్లు తను కొనుక్కుందట. "నీ మొగుణ్ణి జీపేసుకోని రమ్మను. ఊరికే పాటలు మోసే బండి ఒక్కసారన్నా పనికొచ్చేది మోస్తాది" అని మా ఆవిడకు చెప్పి పంపింది. నా వ్యాపారమంటే ఆవిడకున్న గౌరవం అంతే.

తొందరకు కారణం ఉంది. బళ్ళారి నుంచి ఒక బట్టల వ్యాపారి శుక్రవారం పొద్దున రాయదుర్గం వస్తున్నాడు. వదిన వేయించిన షెడ్డులో మిషన్లు కళ్ళకు కనబడి, ఆయన తెచ్చిన మందపాటి జీను గుడ్డను అవి కుట్టగలిగితే, మూటలు అక్కడే దించి ప్యాంట్లు కుట్టే పని ఇస్తాడు. మిషన్లు లేకపోతే ఆ మూటలు పక్క వీధిలో మరో షెడ్డుకు పోతాయి. వదిన అప్పటికే తన వీధిలో పదకొండుమంది ఆడవాళ్ళకు పని ఇస్తానని మాటిచ్చేసింది.

"మాట పోతే ఆ ఈదిలో తల ఎత్తుకోని నడిసేదెట్ల మరిదీ?" అంది, నేను నల్లమాడలో జీపు దిగీ దిగకముందే.

నల్లమాడ

ఆవిడ ఒక్కతే రాలేదు. అత్తగారు సిద్దమ్మను వెంటబెట్టుకొచ్చింది. మరిదితో మూడు రోజులు దారి పట్టి పోతే లోకం ఊరుకుంటుందా? మావైపు ఇలాంటప్పుడు నోరెత్తని పిల్లాణ్ణెవణ్ణో తోడిచ్చి పంపుతారు. ఇక్కడ ఏకంగా అత్తగారినే పంపుతారు. సిద్దమ్మగారిది చిత్రదుర్గం పక్క పల్లె. ఇన్నాళ్ళూ అక్కడే కూతురి దగ్గరుండి ఈ మధ్యే కొడుకు దగ్గరికి వచ్చింది. కన్నడం తప్ప ముక్క రాదు. నాకు తెలుగు తప్ప ముక్క రాదు. నన్ను "తమ్మా" అని పిలిచి నవ్వేది, నేనూ నవ్వేవాణ్ణి. అక్కడితో మా సంభాషణ సరి.

జీపు వెనక రెండు చక్రాల ట్రైలరు తగిలించి మిషన్లు ఎక్కించాం. ఇనప స్టాండ్లు కదా, ఒక్కొక్కటి నడుం విరిచేసింది. వదిన ప్రతి మిషను తలనూ గోనెపట్టాలో చుట్టి, సందుల్లో ఎండుగడ్డి కూరి, తాళ్ళు బిగించి, మళ్ళీ విప్పించి, మళ్ళీ బిగించింది. నాకు ఒళ్ళు మండింది గాని, ఆవిడ చెప్పినట్టల్లా ముడులు వేశాను.

ఇక మా జీపు సంగతి చెప్పాలి. ఖాళీగా నడిస్తే బంగారం. వెనక బరువు తగిలిస్తే మాత్రం గేరుబాక్సు కాగిపోతుంది, పైగా అడుగున ఆయిలు చెమరుస్తుంది. ఇంజను వేడి చూపించే ముల్లు ఉంది గాని, గేరుబాక్సుకు అలాంటిదేమీ లేదు. మరీ కాగనిస్తే లోపలి పళ్ళు బిగుసుకుపోతాయి, ఇక బండిని ఎడ్లు కట్టి లాక్కుపోవాల్సిందే. అందుకని నాకొక పద్ధతి ఉంది. ముందు సీట్ల మధ్య నేలమీది చాప తీసేస్తే గేరుబాక్సు మీద కప్పిన రేకు బయటపడుతుంది. దాని మీద ఉత్తి పాదం ఆనించి కూర్చోవాలి. వెచ్చగా ఉంటే పోనివ్వచ్చు. పది లెక్కపెట్టేలోగా పాదం తీసేయాల్సి వస్తే బండి ఆపి చల్లారనివ్వాలి.

"ఎవురి పాదం?" అంది వదిన.

"నా కాళ్ళు రెండూ క్లచ్చుకీ బ్రేకుకీ సరిపోతాయి వదినా."

"అంటే నా కాలు కాలాల. బాగుండాదప్పా నీ ఇద్దె!" అంటూనే చెప్పు విడిచి, ముందు సీట్లో కూర్చుని, పాదం రేకు మీద పెట్టింది. వెనక బల్ల మీద కూర్చున్న సిద్దమ్మగారు ఆ పాదం వంక ఆశగా చూస్తోంది. ఆవిడకు మోకాళ్ళ నొప్పులు. ఆ వెచ్చదనం తనకైతే బాగుండేదని గొణుగుతోందని వదిన చెప్పింది.

మిట్ట మీద

బుక్కపట్నం వైపు దారి మిట్టలెక్కి దిగుతుంది. అటూ ఇటూ వేరుశనగ తీసేసిన ఎర్రచేలు, బండలు, అక్కడో చింతచెట్టు ఇక్కడో వేపచెట్టు. పచ్చదనమే ప్రపంచమని పెరిగినవాణ్ణి, మొదటి గంట నాకేమీ నచ్చలేదు. రెండో గంటకు ఆకాశం ఇంత ఉంటుందా అనిపించింది. మా ఊళ్ళో కొబ్బరిచెట్లు అడ్డమొచ్చి నాకెప్పుడూ ఆకాశం పూర్తిగా కనబడలేదు.

ఒక మిట్ట సగం ఎక్కాక వదిన అరిచింది. "కాలతాండాది మరిదీ! ఆపు, కాలతాండాది!"

ఆపాను. ఆవిడ కుంటుకుంటూ దిగి చింతచెట్టు నీడలో కూలబడింది. పక్క చేలో కంప ఏరుతున్న ఒకామె పరిగెత్తుకొచ్చి, నన్ను పక్కకు తోసి వదిన నుదుటి మీద చెయ్యి పెట్టింది.

"ఒళ్ళు సల్లగానే ఉండాది కదమ్మా! కాలతాండాదని అరిస్తివే?"

"నాకు గాదు తల్లీ జరం, జీపుకు."

ఆమె నవ్వి నవ్వి కొంగుతో కళ్ళు తుడుచుకుంది. తర్వాత తన కడవ తెచ్చి ముందర పెట్టింది. "పొయ్యండి దాని మింద. పాపం, అదీ పానమున్నట్టే కదా."

ఆ నీళ్ళు ఆమె ఎంత దూరం నుంచి మోసుకొచ్చిందో అడిగితే, చేత్తో ఒక కొండ వైపు చూపించింది. కాగిన ఇనుము మీద చన్నీళ్ళు పోస్తే పగులుతుందమ్మా, అది దానంతటదే చల్లారాలి అని చెప్పాను. "అట్లయితే నువ్వన్నా తాగు" అని నా దోసిట్లో పోసింది. కడుపునిండా తాగాను. మా ఊళ్ళో కాలవ గట్టున ఇల్లున్నవాడు కూడా ఇంత నిబ్బరంగా నీళ్ళివ్వడు.

ధర్మవరం

చీకటి పడేలోగా ధర్మవరం చేరి మా అత్తవారింట్లో దిగాం. రాగిసంగటి ముద్ద, ఊరుబిండి అని వేరుశనగ పచ్చడి, పైన నెయ్యి. మొదటిసారి పెళ్ళిచూపులకు వచ్చినప్పుడు ఈ ముద్దను నమలబోయి నవ్వులపాలయ్యాను. సంగటిని నమలకూడదు, వేలితో తుంచి ఊరుబిండిలో ముంచి మింగాలి. ఇప్పుడు రెండు ముద్దలు మింగి, మూడోది కావాలా అంటే తల అడ్డంగా ఊపటానికి బాధపడ్డాను.

గురువారం పొద్దున్నే బయల్దేరితే వీధి చివర దారి బంద్. రోడ్డు పొడవునా పట్టు పడుగు సాచారు. ఎరుపు, పసుపు దారాలు కర్రల మీద నిలబెట్టి, ఇంటిల్లిపాదీ చెరోపక్కన నిలబడి పోగులు సరిచేస్తున్నారు. నేను హారను మీద చెయ్యి వేశాను. వదిన ఆ చేతి మీద ఒక్కటి వేసింది.

"సద్దుకు ఎవురైనా ఉలిక్కిపడితే పోగు తెగుతాది. ఒక పోగు తెగితే చీరంతా దాని ఏడుపే. గమ్మునుండు."

పడుగు సరిచేస్తున్న పెద్దాయన నా వైపు తిరిగి, "ఏమన్నా, అంత అవసరమా? కాఫీ తాగు, అయిపోతాది" అన్నాడు. కాఫీ వచ్చింది కూడా. వాళ్ళు పడుగు చుట్టేదాకా ఆ వీధిలో సైకిలు సహా ఒక్క బండి కదల్లేదు, ఒక్కడూ విసుక్కోలేదు. నేను తప్ప.

కళ్యాణదుర్గం

అనంతపురంలో ఉగ్గాని తిన్నాం. మన మరమరాలనే వీళ్ళు బొరుగులంటారు. వాటిని తడిపి పిండి, ఉల్లిపాయ, పచ్చిమిర్చి తాలింపు పెట్టి, పప్పులపొడి చల్లుతారు. పక్కన మిరపకాయ బజ్జీ. ప్లేటు రూపాయి. ఉప్మా అంటే మొహం చిట్లించే నేను మూడు ప్లేట్లు తిని, ఇది మా ఊళ్ళో ఎందుకు చేయరని హోటలాయన మీదే కోప్పడ్డాను. "మీకు బియ్యం ఎక్కువన్నా" అన్నాడాయన, తాపీగా.

అక్కణ్ణించి కళ్యాణదుర్గం దాకా దారంతా ఎదురుగాలి. రేకు ఊరికే కాగుతోంది. మైలు నడపటం, ఆగటం, ఆయిలు చూడటం, మళ్ళీ నడపటం. వదిన పాదం ఎర్రబడింది. కుడి పాదం ఎడమ పాదం మార్చి మార్చి పెట్టింది గాని ఒక్కసారి కూడా ఇంక నావల్ల కాదనలేదు. నాకే జాలేసి, కాసేపు గుడ్డ వేసుకోమంటే, "గుడ్డ ఏసుకుంటే యాడ తెలుస్తాది?" అని కసిరింది.

సాయంత్రానికి కళ్యాణదుర్గం చేరేసరికి విషయం తేలిపోయింది. మర్నాడు ఇదే నడక అయితే వ్యాపారి వచ్చే వేళకు మేం చేరం.

"నేను పొద్దున మొదటి బస్సుకు ముందర పోతా. ఆయప్పను ఎట్లోకట్ల కూసోబెడతా. నువ్వు మిషన్లు తీసుకోని రా" అంది వదిన. తర్వాత సిద్దమ్మగారికి కన్నడంలో ఏదో చెప్పి, నా వైపు తిరిగింది. "రేపు అత్త కాలు పెడతాది. బాగా కాలితే అత్త చెప్తాది. చెప్పిన తచ్చణం ఆపు."

సిద్దమ్మగారు సంతోషంతో అప్పుడే మోకాళ్ళు నిమురుకుంటోంది.

దారి చీలిన చోట

శుక్రవారం పొద్దున ఆవిడ ముందు సీట్లో రాణిగారిలా కూర్చుంది. పాదం రేకు మీద ఆనించి, కళ్ళు మూసుకుని, "అబ్బబ్బ" అనుకుంటోంది. జన్మంతా చెప్పుల్లేకుండా తిరిగిన పాదం అది. వదిన పాదానికి పట్టిన కాక ఆవిడ పాదానికి ఎప్పటికి పడుతుందో నేను ఆలోచించనే లేదు.

చాలా దూరం హాయిగా వచ్చాం. రాయదుర్గం ఇంకాస్త దూరం ఉందనగా దారి రెండుగా చీలింది. ఒకటి సూటిగా, ఒకటి కణేకల్ వైపు. నేను సూటిగా పోనిచ్చాను. పది బారలు పోయామో లేదో సిద్దమ్మగారు ఉలిక్కిపడి నా భుజం పట్టుకుంది.

"కాదిదె! కాదిదె!"

కాదిదే అంటే మనకు ఏమిటి? కాదు, ఇది కాదు అనే కదా! కొడుకు ఊరు, తను వచ్చిన దారి, ఆవిడకు తెలియదా? చటుక్కున ఆపి, చేత్తో రోడ్డు చూపిస్తూ అడిగాను: "కాదా ఇది?"

ఆవిడ ముఖం వికసించింది. "హౌదు, హౌదు! కాదిదె!"

హౌదు అంటే అవునని అప్పటికి నాకు తెలుసు. ఇంకేం అనుమానం? ట్రైలరుతో జీపు వెనక్కి తిప్పటమంటే నాలుగు సార్లు ముందుకు, నాలుగు సార్లు వెనక్కి, అన్నీ చిన్న గేర్లలోనే. చెమటలు కక్కుకుంటూ తిప్పి, కణేకల్ దారి పట్టాను. ఆవిడ ఈసారి రెండు చేతులతో నన్ను కుదిపింది. "కాదిదె తమ్మా! కాదిదె!"

"ఇదీ కాదా? మరేది తల్లీ, ఉన్నవే రెండు దార్లు!" అని అరిచాను. ఆవిడా అరిచింది. నేను కోపంతో ఇంకా తొక్కాను. కాసేపటికి మాడు వాసన వచ్చి, రేకు సందుల్లోంచి పొగ లేచాక గాని నా కాలు బ్రేకు మీదికి పోలేదు.

ఆగిన చోటు చూస్తే పిల్లకాలవ, పక్కన నిండా పచ్చటి వరి. మూడు రోజుల తర్వాత వరి కనబడితే, ఆ పొగలో కూడా నా ప్రాణం లేచొచ్చింది. మడిలో నీళ్ళు మళ్ళిస్తున్న రైతు ఒకాయన గట్టెక్కి వచ్చాడు. సిద్దమ్మగారు ఆయన్ను పట్టుకుని కన్నడంలో గడగడా చెప్పింది. ఆయన ముందు నన్ను చూశాడు, తర్వాత జీపును చూశాడు, ఆ తర్వాత గట్టు మీద కూర్చుండిపోయి నవ్వాడు.

"ఏమప్పా, ఆయమ్మ కాగింది, కాగింది అని గొంతు చించుకుంటాంది. కాదిదె అంటే కాగిందని! నువ్వు కాదా అంటివంట, ఆయమ్మ కాగిందా అని అడుగుతాండావు అనుకోని హౌదు అనిందంట! నువ్వేమో బండి తిప్పితివి!"

సిద్దమ్మగారు పాదం తిప్పి చూపించింది. అంత మందం చర్మం కూడా కమిలి ఎర్రబడింది. ఆపమని చెప్పినా ఆపని మూర్ఖుడి పక్కన కూర్చుని, పాదం తీయకుండా అలాగే పెట్టి ఉంచింది పిచ్చితల్లి! కోడలు అప్పజెప్పిన పనాయె. కాలవలో గుడ్డ తడిపి ఆ పాదానికి నేనే కట్టాను. ఏడుపొచ్చింది. ఆవిడేమో నన్ను చూసి నవ్వుతోంది.

ఆముదం

చల్లారాక చూస్తే గేరుబాక్సులో ఆయిలు అడుక్కి పోయింది. నా డబ్బాలో ఉన్నది కళ్యాణదుర్గం దారిలోనే పోసేశాను. సూర్యుడు నెత్తికెక్కుతున్నాడు. రాయదుర్గంలో వ్యాపారి వచ్చి ఉంటాడు, చూసి ఉంటాడు, పోయి ఉంటాడు. పదకొండుమంది ఆడవాళ్ళ మధ్య ఖాళీ షెడ్డులో నిలబడిన వదినే నా కళ్ళ ముందు మెదిలింది.

"ఆముదం పోద్దాం" అన్నాడు రైతు. బండి ఇరుసుకు పూసుకోవడానికి ఆయన దగ్గర డబ్బాడు ఆముదం ఉంది. "ఇరుసు తిరిగేదీ ఇనుమే, నీ దాంట్లో తిరిగేదీ ఇనుమే. రాయదుర్గం దాకా రాదా?"

వస్తుందో రాదో నాకూ తెలియదు. వేరే దారి లేదు. జీపు కిందకు దూరి బిరడా విప్పి, ఆముదం నిండా పోశాం. జీపంతా తలంటుకున్న మా నాయనమ్మ వాసన వేసింది. డబ్బాకు ఎంతివ్వమంటే ఆయన కసిరాడు. "నవ్విచ్చినావు కదప్పా, సాలు. బిన్నా పో, ఆలిస్యమైతాది."

సెల్ఫు అందుకోలేదు. ఆయనా, కాలవ మీద పనిచేస్తున్న ఇంకో ముగ్గురూ బండిని వచ్చిన దారి వైపు తిప్పి తోస్తే స్టార్టయింది, చీలిక దగ్గర మళ్ళీ ఆ సూటి దారే పట్టాను. ఇక రాయదుర్గం దాకా ఇంజను ఆపకూడదని నిర్ణయించుకున్నాను. సిద్దమ్మగారు రెండో పాదం పెట్టబోతే వద్దని దణ్ణం పెట్టి, నా చెప్పు విడిచి, క్లచ్చు తొక్కనప్పుడల్లా నా పాదమే అటు చాపి చూసుకుంటూ నడిపాను. వెచ్చగా ఉంది, అంతే. ఆముదానికి జై.

రాయదుర్గం

కొండ మీది కోట కనబడింది, తర్వాత ఊరు, తర్వాత వదిన వాళ్ళ వీధి. మధ్యాహ్నం దాటిపోయింది. వీధి మలుపులో మా తోడల్లుడు, అంటే వదిన భర్త, నిలబడి ఉన్నాడు. మమ్మల్ని చూడగానే వాళ్ళమ్మతో గట్టిగా అరిచాడు: "అవ్వా! కాదిద్దారె! కాదిద్దారె!"

ఈ మాటకు అర్థం ఇప్పుడు నాకు తెలుసు కదా! వ్యాపారి కాగిపోయి ఉన్నాడన్నమాట. ఆలస్యానికి మండిపడుతున్నాడు. నాలుగు తిట్లు తిని, వదిన తరఫున కాళ్ళు పట్టుకుందామని సిద్ధపడి దిగాను.

లోపల వ్యాపారి విస్తరి ముందు కూర్చుని, చెమటలు తుడుచుకుంటూ ఓళిగ తింటున్నాడు. ఓళిగ అంటే మన బొబ్బట్టే, కాస్త పల్చగా ఉంటుంది. పక్కన నెయ్యిగిన్నెతో వదిన.

"ఇంకొకటన్నా, ఒక్కటే" అంటోంది. ఆయన వద్దంటే, "విస్తర్లో ఓళిగ పడినాక లేస్తే మా ఇంటికి మంచిది గాదు" అంటోంది. ఆయన ఉసూరుమంటూ తింటున్నాడు. పొద్దున ఆయన రాగానే భోజనం చేసి పొమ్మందట. ఆ తర్వాతే పొయ్యి మీద పప్పు పెట్టిందట. అది ఉడకాలి, రుబ్బాలి, వత్తాలి, కాల్చాలి. పెట్టిన భోజనం కాదని లేచిపోవటం ఆ సీమలో ఎవరివల్లా కాదు. ఒక్కో ఓళిగా వడ్డిస్తూ ఆయన్ని అక్కడే కట్టేసింది.

"కోపంగా ఉన్నాడన్నారే?" అని గొణిగాను.

"ఎవురన్నారు? కాదిద్దారె అంటే కాసుకోని ఉండారని" అంది వదిన. నిజమే మరి, పాలు కాచినా మనిషి కోసం కాచుకున్నా మనకూ ఒకటే మాట. ఈ తెలివి పొద్దున ఎక్కడ తగలడిందో.

మిషన్లు దించాం. వీధి ఆడవాళ్ళు పదకొండుమందీ తలో చెయ్యి వేశారు. ఒక మిషనుకు తోలు బెల్టు ఎక్కించి, వదిన ముందు కూర్చుంది. వ్యాపారి త్రేన్చుకుంటూ వచ్చి, జీను గుడ్డ ముక్కను నాలుగు మడతలు పెట్టి ఆవిడ చేతికిచ్చాడు.

"మడత మింద సూది ఆగితే నేను పోతా. ఓళిగ తినినా అని మొహమాటం పడను" అన్నాడు.

రాతిగుండె అనుకున్న మనిషి, రెండు రోజులు పాదం కాల్చుకున్న మనిషి, వదిన, ఆ గుడ్డ ముక్కను సూది కింద పెట్టి, తీసి, మళ్ళీ పెట్టింది. సిద్దమ్మగారు కట్టు కట్టిన కాలితో కుంటుతూ వచ్చి ఆవిడ వీపు మీద చెయ్యి వేసింది. వదిన తొక్కింది. సూది మడత దగ్గరకు పోయింది, మొరాయించింది. చేత్తో చక్రాన్ని కాస్త ముందుకు నెట్టి మళ్ళీ తొక్కింది. సూది ఎక్కి దిగి అవతలికి పోయింది.

వ్యాపారి ఆ ముక్కను రెండు చేతులా పట్టి బలంకొద్దీ లాగాడు. కుట్టు కదల్లేదు. వీధిలో ఉన్న తన బండి వైపు తిరిగి, "ఇళిసి" అని కేకేశాడు. మూటలు దిగుతుంటే దాని అర్థం నాకెవరూ చెప్పాల్సిన పని లేకపోయింది.

పదకొండుమందీ తలో మిషను లాక్కుని కూర్చున్నారు. బెల్టులు ఎక్కుతున్నాయి. మిషన్లు ఒకటొకటే మొదలవుతున్నాయి. నేను గుమ్మంలో నిలబడి, లోకంలో ఇంత సంతోషం ఉందా అనుకుంటూ ఓళిగ తింటున్నాను. వదిన చప్పున తల ఎత్తింది. కళ్ళనీళ్ళు బుగ్గల మీద కారుతున్నాయి, తుడుచుకోవటం లేదు.

"ఏమప్పా మరిదీ, ఆ జీపు ఆపరాదా?" అని నా మీద అరిచింది. "నా మిషన్ల సద్దు నాకే వినపడల్యా!"

పరిగెత్తుకెళ్ళి తాళం తిప్పాను.